బ్యాగు మీద ఆమె ఏది?

సూపర్‌హీరో చిత్రాలు తీసే సంస్థల ప్రచార విభాగాలకు, ఆ పాత్రలతో ఆటబొమ్మలు, బ్యాగులు, పుస్తకాలు తయారుచేసే లైసెన్సుదారులకు, ఆ చిత్రాలను తెలుగులో విడుదల చేసే పంపిణీదారులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. మీ సినిమాలు చూసి ఆనందించినదాన్ని, మీ సరుకు అమ్మి ఇల్లు నడుపుకున్నదాన్ని. ఆ కృతజ్ఞత నాకుంది. ఇక విషయానికి వస్తాను.

తెనాలిలో నాకో ఫ్యాన్సీ, స్టేషనరీ దుకాణం ఉంది. పందొమ్మిదేళ్లుగా నడుపుతున్నాను. ఏడాది అమ్మకాల్లో సగానికి దగ్గరగా మే చివరి వారం నుంచి జూన్ నెలాఖరు లోపే జరిగిపోతాయి. స్కూలు బ్యాగులు, లంచ్ బాక్సులు, నీళ్ల సీసాలు, పెన్సిల్ బాక్సులు, నోటు పుస్తకాల అట్టల మీద అంటించే పేర్ల లేబుళ్లు. చిన్నపిల్లల వాటిలో చాలా భాగం ఏదో ఒక సినిమా బొమ్మతోనే వస్తాయి. బొమ్మ లేని బ్యాగు ఎంత గట్టిదైనా, ఒకటో తరగతి పిల్లవాడిని దానికి ఒప్పించడం ఇన్నేళ్లలో నా వల్ల కాలేదు.

2015 జూన్ మొదటి వారంలో ఒక పాప తల్లితో వచ్చింది. రెండో తరగతిలోకి వెళుతోంది. ఆ ఏప్రిల్‌లోనే ఎవెంజర్స్ రెండో సినిమా వచ్చింది, వేసవి సెలవుల్లో చూసినట్టుంది. పైన వేలాడదీసిన ఎర్ర బ్యాగు దింపించుకుంది. కింద కూర్చుని, బ్యాగును ఒళ్లో పెట్టుకుని, బొమ్మల మీద ఒక్కొక్కరిగా వేలు పెడుతూ పేర్లు చెప్పింది. ఐరన్ మ్యాన్, థోర్, హల్క్, కెప్టెన్ అమెరికా. బ్యాగు వెనక్కి తిప్పింది. పక్క జేబు జిప్పు తీసి లోపల కూడా చూసింది. తర్వాత నన్నడిగింది: "ఆంటీ, బైకు నడిపే అక్క ఏది?"

నా దగ్గర ఆ సినిమా బ్యాగులు మూడు రకాలున్నాయి, మూడూ తీసి చూపించాను. దేనిమీదా అక్క లేదు. తల్లికి బస్సు వేళయింది, ఏదో ఒకటి తీసుకోమంది. పాప చివరికి పూల బ్యాగు పట్టుకెళ్లింది. నాకు డబ్బు వచ్చింది కాబట్టి నేను నష్టపోలేదు. అయినా ఆ జిప్పు తీసి లోపల వెతకడం ఇన్నేళ్లుగా నా కళ్ల ముందు నుంచి పోలేదు.

సరుకు ఇచ్చే హోల్‌సేల్ వ్యాపారిని అడిగితే, "ఆడ బొమ్మ కదలదమ్మా" అన్నాడు. మా వ్యాపారంలో 'కదలదు' అన్నది తీర్పు లాంటి మాట. కదలని సరుకును మళ్లీ ఎవరూ తెప్పించరు. తెప్పించకుండానే కదలదని ఎలా తెలిసిందయ్యా అంటే, పైనుంచే అలా వస్తోందన్నాడు. పైనున్నవారు ఎవరో తెలుసుకుందామని బ్యాగు మీది లైసెన్సు స్టిక్కరులో ఉన్న చిరునామాకు ఉత్తరం రాశాను. తర్వాత ఈమెయిలు పంపాను. ఈ పదేళ్లలో మొత్తం నాలుగుసార్లు రాసి ఉంటాను. ఒకే ఒక్కసారి, నా అభిప్రాయం తమకు ఎంతో విలువైనదని యంత్రం పంపిన జవాబు వచ్చింది. అందుకని ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ఈ మధ్య కాలంలో ఈ విషయం గురించి దొరికినదల్లా చదివాను. నా దుకాణంలో చూసినదీ అక్కడ చదివినదీ ఒకదానికొకటి సరిపోతున్నాయి. వరుసగా చెబుతాను.

1. అరలో పెట్టకుండానే అమ్ముడుపోలేదంటున్నారు.

ఆ పాప అడిగిన సన్నివేశం సంగతే చూడండి. సినిమాలో విమానంలోంచి బైకుతో సహా రోడ్డు మీదికి దూకేది బ్లాక్ విడో. ఆ సన్నివేశం పేరు మీద అమెరికాలో అమ్మిన ఆటబొమ్మల సెట్టులో బైకు మీద కూర్చున్నది కెప్టెన్ అమెరికా. సినిమాలో ఆమె చేసిన సాహసాన్ని అట్టపెట్టెలోకి వచ్చేసరికి ఇంకొకరికి రాసిచ్చారు. ఆ చిత్రంలో హల్క్‌గా నటించిన మార్క్ రఫలో అదే ఏప్రిల్‌లో, తన కూతుళ్లకూ మేనకోడళ్లకూ బ్లాక్ విడో బొమ్మలు కావాలని నిర్మాణ సంస్థను బహిరంగంగా అడిగాడు. అంత పెద్ద నటుడికే తన సినిమా బొమ్మ బజారులో దొరకలేదంటే తెనాలిలో నాకు దొరకలేదని వాపోవడం అత్యాశే.

అంతకు ముందు ఏడాది, 2014లో, గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ వచ్చింది. జట్టులో ఉన్నది ఐదుగురు. టీషర్టుల మీద నలుగురే కనిపించేసరికి, జట్టులోని స్త్రీ గమోరా ఏదని తల్లిదండ్రులు నిలదీశారు. ఆ జట్టులో ఒకరు చెట్టు, ఒకరు రకూన్ అనే అడవి జంతువు. చెట్టుకు చోటు దొరికింది, జంతువుకు చోటు దొరికింది. ఆమెకు దొరకలేదు.

ఇది ఎవరో చిరుద్యోగి పొరపాటు అనుకోవడానికి లేదు. ఐరన్ మ్యాన్ 3 దర్శకుడు షేన్ బ్లాక్ 2016లో ఒక ఇంటర్వ్యూలో చెప్పిన సంగతి ఉంది. ఆ సినిమాలో అసలు ప్రతినాయక పాత్రను స్త్రీగా రాసుకున్నారట. ఆడ పాత్ర బొమ్మ సరిగా అమ్ముడుపోదన్న లెక్కతో పైనుంచి ఆదేశం వచ్చి, పాత్రను మగవాడిగా మార్చారట. అంటే సినిమాను బట్టి బొమ్మ చేయడం పోయి, బొమ్మను బట్టి సినిమా రాసే దాకా వచ్చింది. విలన్‌గా పనికిరావడానికి కూడా బొమ్మల అరలో చోటుండాలన్నమాట.

ఇక్కడొక మాట చెప్పాలి, మీకు నచ్చకపోయినా. లైసెన్సు లేని డూప్లికేటు సరుకు అప్పుడప్పుడు మా బజారులోకి వస్తుంది. నేను అమ్మను, కానీ చూస్తాను. వాళ్లు సినిమా పోస్టరును ఉన్నదున్నట్టు బ్యాగు మీదికి ఎక్కిస్తారు, తీసేసే శ్రద్ధ కూడా ఉండదు. అందువల్ల జట్టులో ఆమె ఉంటుంది. ఆ పాప ఎదురుగా ఉన్న తోపుడు బండి దగ్గరికి వెళ్లి ఉంటే అక్క దొరికేదేమో.

2. పోస్టర్ మీద ఆమెను నిలబెట్టే తీరు మారాలి.

2012లో వచ్చిన మొదటి ఎవెంజర్స్ ప్రచార చిత్రం మీ దగ్గరే ఉంటుంది, తీసి చూడండి. మగవాళ్లందరూ యుద్ధానికి సిద్ధమైన ఛాతీలతో ఎదురుగా నిలబడ్డారు. బ్లాక్ విడో ఒక్కతే వెన్ను మనవైపు తిప్పి, నడుము మెలితిప్పి, భుజం మీదుగా చూస్తోంది. ఒక చిత్రకారుడు ఆ పోస్టరునే తిరగేసి గీశాడు. మగ వీరులందరికీ ఆమె భంగిమ ఇచ్చి, ఆమెను మామూలుగా నిలబెట్టాడు. చూసినవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. అదే ఏడాది చివర్లో కొందరు చిత్రకారులు ఇంకో పని మొదలుపెట్టారు. కామిక్ పుస్తకాల్లో స్త్రీ వీరులకు ఇచ్చే భంగిమలన్నీ హాక్ ఐ అనే విలుకాడికి ఇచ్చి గీయడం. ఆ మెలికలు మగవాడి ఒంటి మీద నవ్వు తెప్పిస్తాయి. ఆడవాళ్ల ఒంటి మీద మాత్రం మనకు అలవాటైపోయాయి.

దుస్తుల గొడవా అంతే. 2017 జూన్‌లో వండర్ ఉమన్ సినిమాలో ఆమె పుట్టిన అమెజాన్ జాతి స్త్రీ యోధులు యుద్ధానికి పనికొచ్చే కవచాలు వేసుకున్నారు. సరిగ్గా ఐదు నెలలకు, నవంబరులో, జస్టిస్ లీగ్‌లో అదే జాతి యోధుల్లో కొందరు పొట్ట కనిపించే తోలు ముక్కలతో యుద్ధానికి దిగారు. మొదటి సినిమా దర్శకురాలు ప్యాటీ జెంకిన్స్. రెండోదానికి దర్శకత్వం మగవాళ్లది. ఐదు నెలల్లో బాణాలకు పదును తగ్గిందా, పొట్టలు ఇనుమయ్యాయా?

2016లో ఎక్స్‌మెన్ కొత్త సినిమాకు అమెరికా నగరాల్లో పెట్టిన పెద్ద హోర్డింగుల మీద విలన్, మిస్టిక్ అనే స్త్రీ పాత్ర గొంతు పిసుకుతూ ఉంటాడు. పక్కన బలవంతులే మిగులుతారన్న అర్థమొచ్చే వాక్యం. నటి రోజ్ మెక్‌గోవన్ తప్పుపట్టాక నిర్మాణ సంస్థ క్షమాపణ చెప్పి ఆ హోర్డింగులు తీయించింది. తీయించినందుకు సంతోషమే. కానీ ఆ డిజైన్ ఎన్ని బల్లల మీదుగా, ఎన్ని సంతకాలు దాటి నడిరోడ్డు మీదికి ఎక్కి ఉంటుంది? ఆ దారిలో ఒక్కరికీ ఇబ్బందిగా అనిపించలేదు!

మాలాంటి వాళ్ల మీద దీని ఫలితం ఏమిటో చెబుతాను. కొన్నేళ్ల కిందట వండర్ ఉమన్ బొమ్మతో నోటు పుస్తకాలు వచ్చాయి. ఒకే బొమ్మ, అన్ని అట్టల మీదా. యుద్ధం లేదు, చేతిలో డాలు లేదు. నడుం మీద చేయి, తొడల దాకా కనిపించే దుస్తులు. ఆరు పుస్తకాల కట్ట ఒక తల్లి తీసుకెళ్లి మర్నాడే వెనక్కి తెచ్చింది. బళ్లో టీచరమ్మ ఇలాంటి అట్టలు వద్దన్నారట. పాప తల దించుకుని నిలబడింది, తానేదో తప్పు చేసినట్టు. నేను మార్చి ఇచ్చాను. ఆ పాత్ర దుస్తులు 1941 నుంచీ ఉన్నవే, వాటితో నాకు పేచీ లేదు. సినిమాలో ఆమె కందకంలోంచి లేచి ఒంటరిగా తుపాకులకు ఎదురు నడుస్తుంది. ఆ నడకను వదిలేసి ఈ భంగిమనే అట్టకు ఎంచుకున్నవారితోనే నా పేచీ.

ఐక్యరాజ్యసమితికీ ఇదే అనుభవమైంది. 2016 అక్టోబరు 21న వండర్ ఉమన్‌ను బాలికల, మహిళల సాధికారతకు గౌరవ రాయబారిగా ప్రకటించారు. సొంత ఉద్యోగులే నిరసన తెలిపారు. దాదాపు 45 వేల మంది సంతకాలు పెట్టారు. రెండు నెలలు తిరగకుండానే, డిసెంబరులో, ఆ బాధ్యత ముగిసింది. సంతకాలు పెట్టిన వారు తప్పుపట్టిన వాటిలో మొదటిది ఆమె రూపాన్ని చూపించే తీరే. ఐక్యరాజ్యసమితిలో జరిగినా, తెనాలి బళ్లో జరిగినా కథ ఒక్కటే. మీరు గీసిన బొమ్మ వల్ల ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

3. నవ్వు, నాజూకుతనం ఆమె దగ్గర మాత్రమే అడుగుతారు.

2018 సెప్టెంబరులో కెప్టెన్ మార్వెల్ ట్రైలర్ రాగానే ఆమె నవ్వడం లేదని కొందరు ఫిర్యాదు చేశారు. పోస్టర్లలో ఆమె మూతికి నవ్వు అతికించి పంచారు. నటి బ్రీ లార్సన్ వాదన పెట్టుకోలేదు. ఐరన్ మ్యాన్, కెప్టెన్ అమెరికా, డాక్టర్ స్ట్రేంజ్ పోస్టర్లకు అలాగే నవ్వులు అతికించినవి చూపించింది. ఆ ఒక్క పనితో మాట పూర్తయింది. ఇది మీరు చేసింది కాదని నాకు తెలుసు. కానీ ఏళ్ల తరబడి ఆమెను ముస్తాబు చేసి చూపించి, ప్రేక్షకుడి కంటికి ఆ అలవాటు నేర్పిందెవరు?

వండర్ ఉమన్ విడుదలప్పుడు ఆ సినిమాతో ప్రచారం కలిపిన ఉత్పత్తుల్లో ఒక ప్రొటీన్ బార్ ఉంది. దాని పేరు అప్పట్లో థింక్‌థిన్. అంటే సన్నగా ఆలోచించు, సన్నబడాలని ఆలోచించు, ఎలా అనుకున్నా అంతే. యుద్ధ టాంకును చేతులతో ఎత్తి విసిరే స్త్రీకి మీరు వెతికి తెచ్చిన జోడీ అది. బరువులెత్తే మగ వీరుడి పక్కన సన్నబడే తిండి పెట్టి అమ్మడం నేనెప్పుడూ చూడలేదు. నా దుకాణానికి వచ్చే ఎనిమిదో తరగతి పిల్లల్లో లంచ్ బాక్సు చిన్నది కావాలని అడిగేవాళ్లున్నారు. అందరూ ఆడపిల్లలే. ఆ తప్పంతా మీదేనని అనను. కానీ ఆ కొలిమిలోకి మీరూ నాలుగు బొగ్గులు వేశారు.

4. 'మహిళా' ముద్ర వేసి సగం జనాన్ని బయట నిలబెడుతున్నారు.

కెప్టెన్ మార్వెల్‌ను 2019లో సరిగ్గా మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు విడుదల చేశారు. ఇంగ్లిషులో 'ఆమె' అనే మాటకు ఒక్క అక్షరం కలిపితే 'హీరో' అవుతుందని ట్రైలర్‌లో అక్షరాల ఆట ఆడారు. తెలివైన ఆటే, కాదనను. అయితే ఆమె ఎవరో, ఏం పోగొట్టుకుందో, ఎవరితో పోరాడుతుందో చెప్పాల్సిన చోటును ఆమె ఆడది అన్న వార్తే ఆక్రమించింది. మగ వీరుడి సినిమాను 'ఇతను మగవాడు, వచ్చి చూడండి' అని అమ్ముతారా?

మన వాళ్లకూ ఈ జబ్బు ఉంది. 'లేడీ ఓరియెంటెడ్' అనే మాట తెలుగు సినిమా వ్యాపారంలో ఎంత నలిగిందో మీకు తెలుసు. ఆ మాట పడిందంటే బయ్యర్ రేటు తగ్గించి మాట్లాడతాడు. 1990లో కర్తవ్యం సినిమాకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చుకున్న విజయశాంతి గారిని మనం ఏమని పిలుచుకున్నాం? లేడీ అమితాబ్ అని. ఆమెకు ఆమె పేరు చాలలేదు. ఇంకా వెనక్కి వెళితే, సూపర్‌స్టార్ కృష్ణ గారిది మా పక్కనున్న బుర్రిపాలెం కనుక, 1971 నాటి మోసగాళ్లకు మోసగాడు మా ఊళ్లో పెద్దలందరికీ నోటి మీదే ఉంటుంది. ఆ సినిమా తీసిన కె.ఎస్.ఆర్. దాస్ గారే అంతకు ముందు ఏడాది, 1970లో, విజయలలితను పెట్టి రౌడీ రాణి తీశారు. తుపాకీ పట్టి పగ తీర్చుకునే కథానాయిక. మా నాన్న తరంలో మగవాళ్లు క్యూలో నిలబడి చూసిన సినిమా అది. అప్పుడు ఏ మహిళా దినోత్సవమూ అవసరం కాలేదు.

నిరుడు జూన్‌లో ఆరేడేళ్ల బాబు ఒకడు వండర్ ఉమన్ పెన్సిల్ బాక్సు పట్టుకుని వదలలేదు. మూత నొక్కితే డాలు మెరుస్తుంది, వాడికి అది కావాలి. తండ్రి చేతిలోంచి లాక్కుని, "అది ఆడపిల్లలది రా" అని అరలో పెట్టేశాడు. ఆ తండ్రిని నేనెలా తప్పుపట్టను? ఆ పెట్టె రంగు గులాబీ. అది వచ్చిన అట్టపెట్టె మీద 'గర్ల్స్' అని అచ్చేసి ఉంది. నేనే దాన్ని జడ క్లిప్పుల పక్కన సర్దాను. 2015లో డీసీ సంస్థ ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా సూపర్ హీరో గర్ల్స్ అనే వరుస తెచ్చింది. బొమ్మలు బాగున్నాయి, ఆడపిల్లలు ఇష్టపడ్డారు కూడా. కానీ అరను రెండుగా చీల్చాక, ఆమె కోసం అటువైపు వెళ్లే మగపిల్లాడు ఉండడు. ఆ తర్వాత మగపిల్లలు ఆమె సినిమాకు రావడం లేదని మీరే లెక్కలు తీస్తారు.

5. ఓడితే ఆడజాతి మీద, గెలిస్తే అదృష్టం మీద వేస్తారు.

2014లో అప్పటి మార్వెల్ అధినేత ఐక్ పెర్ల్‌మటర్ రాసిన ఒక ఈమెయిలు తర్వాత బయటపడింది. స్త్రీ ప్రధాన పాత్రగా ఉన్న సూపర్‌హీరో సినిమాలు ఎలా మునిగాయో ఉదాహరణలిచ్చాడు. ఎలెక్ట్రా, క్యాట్‌ఉమన్, సూపర్‌గర్ల్. మూడూ మునిగిన మాట నిజమే. క్యాట్‌ఉమన్ 2004లో పది కోట్ల డాలర్ల ఖర్చుతో తీస్తే ఎనిమిది కోట్ల చిల్లర వచ్చింది. సినిమా బాగాలేదు, అందుకే పోయింది. 2011లో గ్రీన్ లాంటర్న్‌కు 20 కోట్ల డాలర్లు పెడితే థియేటర్లలో 22 కోట్లకు అటూ ఇటూగా వచ్చింది. పంచుకునేవాళ్ల వాటాలు పోతే అది దండిగా నష్టం. 2023లో ఫ్లాష్ 27 కోట్ల దగ్గర ఆగిపోయింది. మగ హీరోల సినిమాలు ఆడవని ఏ అధినేతైనా ఈమెయిలు రాశాడా?

గెలిచినవి కూడా చూడండి. వండర్ ఉమన్‌కు 82 కోట్ల డాలర్లకు పైగా, కెప్టెన్ మార్వెల్‌కు 112 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. అయినా 2010లో ఐరన్ మ్యాన్ 2తో అడుగుపెట్టిన బ్లాక్ విడో తన పేరు మీద ఒక సినిమా చూసుకోవడానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పాత్ర అప్పటికే ఇంకో సినిమాలో చనిపోయింది.

2023 నవంబరు 10న కెప్టెన్ మార్వెల్‌కు తరువాయిగా ది మార్వెల్స్ వచ్చింది. ప్రపంచమంతా కలిపి 20 కోట్ల 60 లక్షల డాలర్లు, మార్వెల్ వరుస చిత్రాల్లోకెల్లా తక్కువ. ముగ్గురు స్త్రీలను పెడితే ఇంతే అన్న మాట నా దుకాణం మెట్ల మీద కూర్చునే కాలేజీ కుర్రాళ్ల నోట కూడా విన్నాను. హాలీవుడ్ నటీనటుల సమ్మె జులై 14న మొదలై నవంబరు 9న, అంటే విడుదలకు ముందు రోజున ముగిసింది. సమ్మె నియమాల వల్ల అంతకాలం ఆ నటీమణులు తమ సినిమా గురించి నోరు విప్పడానికి లేదు. కథ అర్థం కావాలంటే ముందు రెండు ఓటీటీ సిరీస్‌లు చూసి రావాలి. చివరి ట్రైలర్‌లోనేమో పాత ఎవెంజర్స్ దృశ్యాలు తెచ్చి అతికించారు, పెళ్లికూతురి ఫొటో అడిగితే మేనమామ ఫొటో చూపించినట్టు. సినిమాలోనూ లోపాలున్నాయి, చూశాను కనుక చెబుతున్నాను. ఇన్ని కారణాలుండగా లోకానికి ఒక్క కారణమే గుర్తుండిపోయింది. దాన్ని సరిచేయడానికి మీరు నోరు విప్పలేదు.

ఈ లెక్క ఎక్కడో అమెరికాలో ఆగదు. అక్కడి ఓటమి ఇక్కడ 'కదలదమ్మా' అయి దిగుతుంది. ఆ మాట ఆధారంగా మే నెలలో ఆర్డర్లు రాస్తారు. జూన్‌లో పాప జిప్పు తీసి వెతుకుతుంది.

6. మన దగ్గర ఇప్పుడే మొదలవుతోంది, ఇప్పుడే చెప్పాలి.

2025 ఆగస్టులో మలయాళం నుంచి లోకా వచ్చింది, తెలుగులో కొత్త లోక పేరుతో. కళ్యాణి ప్రియదర్శన్ కథను మోసిన సూపర్‌హీరో చిత్రం. దాదాపు 300 కోట్ల రూపాయల వసూళ్లు. మా ఊళ్లోనూ చూశారు. హైస్కూలు పిల్లలు వచ్చి ఆ బొమ్మతో లేబుళ్లు ఉన్నాయా అని అడిగారు, ఎక్కువ మంది మగపిల్లలే. నా దాకా ఒక్కటీ రాలేదు. తెలుగులో ప్రశాంత్ వర్మ కథతో, పూజ కొల్లూరు దర్శకత్వంలో మహాకాళి అనే స్త్రీ సూపర్‌హీరో సినిమా ప్రకటించి ఏడాది దాటింది. ఆ సినిమా వారికీ, అలాంటివి తలపెట్టిన మిగతా వారికీ ఈ లేఖ ప్రతి అందుతుందని ఆశ.

మేము కోరేది ఇదీ:

ఒకటి. జట్టు బొమ్మ వేసిన ప్రతి వస్తువు మీదా జట్టు మొత్తం ఉండాలి. చోటు చాలకపోతే ఎవరిని తీయాలో ప్రతిసారీ ఆమెతోనే మొదలుపెట్టకండి.

రెండు. సినిమాలో ఆమె చేసిన పని, పెట్టె మీద కూడా ఆమే చేయాలి.

మూడు. పోస్టర్ అచ్చుకు వెళ్లేముందు అదే భంగిమలో మగ హీరోను నిలబెట్టి ఒక నమూనా గీయించండి. గదిలో ఎవరైనా నవ్వితే ఆమె భంగిమ మార్చండి. దీనికి ఒక పూట పడుతుంది, ఖర్చేమీ లేదు.

నాలుగు. అట్టపెట్టెల మీద 'బాయ్స్', 'గర్ల్స్' అని అచ్చేయడం మానండి. వయసు రాయండి, చాలు. ఎక్కడ సర్దాలో మేము చూసుకుంటాం. నా వంతుగా వండర్ ఉమన్ పెన్సిల్ బాక్సులను జడ క్లిప్పుల దగ్గర నుంచి తీసి బ్యాట్‌మ్యాన్ పక్కన పెట్టాను.

ఐదు. స్త్రీ ప్రధాన పాత్రగా వచ్చిన సినిమా ఓడితే, దాని ప్రచారానికి ఎంత పెట్టారో, అదే ఏడాది మగ హీరో సినిమాకు ఎంత పెట్టారో పక్కపక్కన వేసి ప్రకటించండి. తర్వాత ఎవరి తప్పో మాట్లాడుకుందాం.

ఆరు. తెలుగు పంపిణీదారులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. థియేటర్ ముందు పెట్టే ఫ్లెక్సీల మీద 'లేడీ' అన్న మాట లేకుండా ఒక్క సినిమా విడుదల చేసి చూడండి. పేరు చాలు.

ఏడు. స్టిక్కరు మీద ఇచ్చిన చిరునామాకు ఉత్తరం వస్తే మనిషి చేత జవాబు రాయించండి.

వచ్చే మే రెండో వారానికి కొత్త సరుకు దిగుతుంది. పెట్టెలు నేనే విప్పుతాను, బ్యాగుల మీద ఎవరెవరున్నారో లెక్క రాసి పెడతాను. ఆమె లేని జట్టు బ్యాగులు ఈసారి వెనక్కి పంపుతానని మా హోల్‌సేల్ వ్యాపారికి ఇప్పటికే చెప్పాను. ఆయన నవ్వాడు. మా వీధిలో మరో ఇద్దరు దుకాణదారులు కూడా అలాగే చేస్తామన్నారని చెబితే, నవ్వడం ఆపి పైవాళ్లకు చెబుతానన్నాడు.

ఇట్లు,
ఒక ఫ్యాన్సీ దుకాణం యజమానురాలు,
తెనాలి